మ్యాచ్‌కు ముందు పిల్లల్ని ఏడిపించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ఫుట్‌బాల్ పోటీల ప్రారంభోత్సవం అది. షామియానా కింద పెద్దలు కూర్చున్నారు, ఒకాయన మైకు పట్టుకుని చెయ్యి పైకెత్తి మాట్లాడుతున్నారు, ఎదురుగా ఎండలో రెండు జట్ల పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. క్రీడాకారుల్లో స్ఫూర్తి నింపిన అతిథులు అని కింద రాశారు. నా కళ్లు మాత్రం చివరి వరసలో ఉన్న ఒక పిల్ల దగ్గరే ఆగిపోయాయి, బరువంతా ఒక కాలి మీద వేసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, ఇంకాసేపట్లో ఆ పిల్ల గంటసేపు పరుగెత్తాలి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు సారుని. పదకొండేళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఎక్కడికి పోయినా మాదే చిన్న జట్టు, ఎదురుగా ఉండేవాళ్లకు మంచి బూట్లు, గడ్డి గ్రౌండు, రోజూ రెండు పూటలా ప్రాక్టీసు ఉంటాయి. అలాంటి జట్టుకు మ్యాచ్ ముందు ఇచ్చే ఆవేశపు ఉపన్యాసం పనికొస్తుందా అంటే, మనం మామూలుగా ఇచ్చే రకం ఉపన్యాసం పనికిరాదు, పైగా చిన్న జట్టుకే ఎక్కువ చెరుపు చేస్తుంది అని నేను గట్టిగా చెబుతాను. ఇది ఎక్కడో చదివి అంటున్న మాట కాదు. నేనే ఆ తప్పు చేశాను.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయిల జట్టు మొదటిసారి మండలం దాటి ఆడటానికి వెళ్లింది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. దాదాపు అందరి ఇళ్లల్లోనూ కూలి పనే, శనక్కాయ చేలల్లో కలుపు తీసేది, కాయలు వలిచేది. పదకొండు మందికి ఏడు జతల ఫుట్‌బాల్ బూట్లు ఉండేవి, మిగతా నలుగురు స్కూలు బూట్లతోనే ఆడారు. ఎదుటి జట్టు హాస్టల్ ఉన్న పెద్ద స్కూలు. నేను పిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడాను. మీ అమ్మలు పొద్దున్నే ఇంత సంగటి తిని ఎండలో నడుము వంచితేనే మీరు ఈ రోజు ఇక్కడ ఉన్నారు, ఆ అమ్మల కోసం ఆడండి, సీమ బిడ్డల పౌరుషం ఏమిటో చూపించండి అన్నాను. నలుగురైదుగురు ఏడ్చేశారు. నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి. ఇక ఈ రోజు మా పిల్లల్ని ఎవరూ ఆపలేరనుకున్నాను.

ఆరు నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. వెనక మధ్యలో ఆడే అమ్మాయి ఒకతి ఉండేది, ప్రాక్టీసులో తన చోటు వదిలి ఊరికే ముందుకు పోయే పిల్ల కాదు, ఆ రోజు బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తింది, తన వెనక మైదానమంతా ఖాళీ అయిపోయింది. కీపర్ చేతుల్లోంచి తేలికగా పట్టుకునే బంతి జారిపోయింది. ముందు ఆడే అమ్మాయి రెండుసార్లు ఫౌల్ చేసి ఎల్లో కార్డు తెచ్చుకుంది. హాఫ్‌టైమ్‌కు 4-0. నీళ్లు తాగుతూ ఆ వెనక ఆడే అమ్మాయి నన్ను అడిగింది, "సార్, మనం ఓడిపోతే మాయమ్మ ఓడిపోయినట్టేనా సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నేనే ఆ పిల్ల తలలో పెట్టాను.

చిన్న జట్టులో ఉత్సాహం తక్కువని మనం అనుకుంటాం, అది పొరపాటు. గ్రౌండులోకి దిగేముందు ఆ పిల్లల గుండె ఇప్పటికే దడదడలాడుతుంటుంది, నోరు ఎండిపోయి ఉంటుంది, రాత్రి సరిగా నిద్ర పట్టి ఉండదు, ఎదుటివాళ్లు చేసే వార్మప్ చూసే సగం టెన్షన్ వచ్చేసి ఉంటుంది. అప్పుడు వాళ్లకు కావలసింది కాస్త నిదానం, తర్వాత ఏం చేయాలో తెలియడం. మనమేమో ప్రాణం పోయినా సరే అంటాం, ఊరి పరువు అంటాం, పౌరుషం అంటాం. పౌరుషం అనే మాట మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఏ వేదిక మీదైనా చప్పట్లు తెచ్చి పెడుతుంది, నాకూ ఆ మాటంటే గౌరవమే, కానీ ఫుట్‌బాల్‌లో తన చోటు విడిచిపెట్టకుండా నిలబడటమే పెద్ద పని, అది పౌరుషం ఎక్కించుకున్న పిల్ల వల్ల అయ్యే పని కాదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మా స్టాఫ్ రూమ్‌లో కూడా అంటారు, మరి సౌదీ అరేబియా సంగతేంటి సార్ అని. 2022 ప్రపంచకప్‌లో, నవంబర్ 22న, లుసైల్ స్టేడియంలో మెస్సీ జట్టు అర్జెంటీనాను సౌదీ 2-1తో ఓడించింది. అప్పటికి అర్జెంటీనా 36 మ్యాచ్‌లుగా ఓటమి లేని జట్టు. హాఫ్‌టైమ్‌కు సౌదీ ఒక గోల్ వెనకబడి ఉంది, అప్పుడు కోచ్ హెర్వే రెనార్ డ్రెస్సింగ్ రూమ్‌లో అరిచిన వీడియో తర్వాత ప్రపంచమంతా చూసింది. ఆయన ఇంగ్లీషులో అరుస్తుంటే పక్కనున్న దుబాసీ అంతే ఆవేశంగా అరబ్బీలో అరిచాడు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. అందరికీ గుర్తుండిపోయింది ఆయన గొంతు, మెస్సీతో ఫొటో కావాలంటే ఫోన్లు తెచ్చుకోండి అన్న దెప్పిపొడుపు. కానీ దాని పక్కనే ఒక పని కూడా చెప్పాడు, మెస్సీ మధ్యలో బంతి పట్టుకుంటే మీరు డిఫెన్స్ ముందు ఊరికే నిలబడుతున్నారు, దగ్గరికి వెళ్లి పట్టుకోండి అని. ఇంకో సంగతి, ఆ ఉపన్యాసానికి ముందే సౌదీ పథకం పని చేస్తోంది. వాళ్ల డిఫెండర్లు ఒకే గీతలా ముందుకు జరిగి నిలబడటంతో మొదటి సగంలోనే అర్జెంటీనా ఏడుసార్లు ఆఫ్‌సైడ్‌లో, అంటే బంతి అందించే సమయానికే డిఫెండర్ల గీత దాటి నిలబడి దొరికింది, మూడు గోల్స్ రద్దయ్యాయి. అది ఎన్నో రోజులు సాధన చేస్తే తప్ప రాని ఆట. విరామం తర్వాత 48, 53 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టారు.

మరి తర్వాత? అదే కోచ్, అదే గొంతు, దాదాపు అదే జట్టు. పోలండ్ చేతిలో 2-0, మెక్సికో చేతిలో 2-1తో ఓడి సౌదీ ఇంటికి వెళ్లిపోయింది. అర్జెంటీనా కప్పు గెలిచింది. ఉపన్యాసంలోనే మందు ఉంటే ఆ రెండు రోజులు ఎందుకు పని చేయలేదు? గెలిచిన రోజు ఉపన్యాసం వీడియో మనకు చేరుతుంది, ఓడిన రోజు అంతే ఆవేశంగా మాట్లాడిన కోచ్‌ల వీడియోలు ఎవరూ పంపరు. మన నమ్మకమంతా ఆ ఒకవైపు లెక్క మీద నిలబడి ఉంది.

అమెరికాలో దీన్ని లెక్కగట్టి చూశారు. అది బాస్కెట్‌బాల్, నిజమే, అయినా మనకు పనికొస్తుంది. 23 హైస్కూల్, కాలేజీ జట్ల హాఫ్‌టైమ్ ఉపన్యాసాలు 304 సేకరించి, కోచ్ కోపం ఎంత ఉంది, తర్వాత జట్టు ఎలా ఆడింది అని పోల్చారు, 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. కొంతవరకు కటువుగా మాట్లాడితే ఆట మెరుగైంది, ఒక హద్దు దాటి తిట్టినచోట దిగజారింది. అంటే కోచ్ మాటకు బలం లేదని కాదు, ఉంది, ఉప్పు లాగా. మా దగ్గర అతిథులు, సార్లు, ఊరి పెద్దలు తలా ఒక గుప్పెడు వేస్తారు.

నాకు ఇంకా బాగా పనికొచ్చింది ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో రాసిన విషయం. మనిషికి నేను చేయగలను అన్న నమ్మకం అన్నిటికంటే ఎక్కువగా తాను అంతకు ముందు చేసి చూసిన పని నుంచి వస్తుందట, ఇతరులు నువ్వు చేయగలవు అని చెప్పడం వల్ల వచ్చే నమ్మకం దానికంటే బలహీనమట. చదవగానే మా వేపచెట్టు గుర్తొచ్చింది. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో నేను వాళ్ల అమ్మల గురించి చెప్పాను, సీమ గురించి చెప్పాను, ఆ పిల్లలు నెలరోజులుగా రాళ్ల గ్రౌండులో ఏం నేర్చుకున్నారో ఒక్క మాట చెప్పలేదు.

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో సౌదీ దాకా పోవలసిన పని కూడా లేదు, హైదరాబాద్ రహీం సాబ్ ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు, 1950 నుంచి చనిపోయేదాకా భారత జట్టు కోచ్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు అక్కడి జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ముందు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను పిలిచి తనకు ఒక కానుక కావాలని, రేపు బంగారు పతకం గెలిచి ఇమ్మని అడిగారట, ఆ ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మర్నాడు మొదటి 20 నిమిషాల్లోనే పీకే బెనర్జీ, జర్నైల్ రెండు గోల్స్ కొట్టారు, 2-1తో గెలిచాం. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు.

ఇది చదివి చూశావా, మాటతోనే గెలిచారు అంటారు. ఆ మాట వెనక ఏముందో కూడా చూడాలి. డిఫెండర్ అయిన జర్నైల్‌ను, తలకు కట్టుతోనే, సెమీఫైనల్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే చోట ఆడించింది రహీం సాబే, ఆ నిర్ణయం వల్లే సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి గోల్ వచ్చాయి. హైదరాబాద్ కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలని పోటీలు పెట్టి నేర్పిన మనిషి ఆయన. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ లాంటివాళ్లు ఆయన చేతి కింద ఏళ్లతరబడి ఆడారు. అన్నేళ్లు వెంట ఉన్న మనిషి ఒక్క మాట అడిగితే అది గుండెలోకి దిగుతుంది. అరగంట ముందు కారు దిగి వచ్చిన అతిథి అదే మాట పదిసార్లు చెప్పినా దిగదు. పిల్లలకు ఆ అతిథి పేరు కూడా తెలియదు.

2004లో గ్రీసు యూరో కప్పు గెలిచిన కథ కూడా నాకు ఇష్టం. అంతకు ముందు పెద్ద పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు అది. కోచ్ ఒటో రెహాగెల్ జర్మన్, ఆయన మాటలు అసిస్టెంట్ గ్రీకులోకి చెప్పాలి. ఫ్రాన్స్, చెక్, ఫైనల్లో పోర్చుగల్, ముగ్గురినీ 1-0తోనే, ముగ్గురినీ తలతో కొట్టిన గోల్‌తోనే ఓడించారు. వాళ్లను గెలిపించింది మార్కింగ్, అంటే ఎదుటి ఆటగాణ్ణి వదలకుండా పట్టుకోవడం, మళ్లీ మళ్లీ సాధన చేసిన ఆ తలతో కొట్టే ఒక్క ఎత్తుగడ.

మా జట్టు సంగతికి వస్తాను. తర్వాతి ఏడాది మళ్లీ అదే పెద్ద స్కూలుతో పడింది. ఈసారి మూడే మూడు మాటలు చెప్పాను. మొదటి పది నిమిషాలు బంతి మన వైపు వస్తే బయటికి కొట్టేయండి, సిగ్గుపడొద్దు. మధ్య గీత దాటేది ఇద్దరే. పోయిన నెల ఆదివారం అబ్బాయిల జట్టును అరగంటసేపు గోల్ కొట్టనీయకుండా ఆపారు కదా, అదే ఆడండి. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత పిల్లలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ జడలు బిగించుకున్నారు. ఆ రోజు కూడా ఓడిపోయాం, రెండో సగంలో ఒక కార్నర్ నుంచి పడిన గోల్‌తో, 1-0. పిల్లలు ఒక ఏడాది పెద్దవాళ్లయ్యారు, ఆట కూడా పెరిగింది, కాబట్టి తేడా అంతా నా మాటల వల్లేనని చెప్పను. కానీ ఆ వెనక ఆడే అమ్మాయి మ్యాచ్ అంతా తన చోటులోనే ఉంది. ఆటోలో తిరిగి వస్తూ ఏడవలేదు, ఆ కార్నర్‌కు ఎవరిని ఎవరు పట్టుకోవాల్సింది అని దారిపొడవునా వాదులాడుకున్నారు. నాకు ఆ వాదులాట ఎంత సంతోషం ఇచ్చిందో మాటల్లో రాయలేను.

మన జిల్లాలో ఫుట్‌బాల్ పెరుగుతోంది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ వల్ల పల్లె పిల్లలు కూడా గడ్డి మైదానం అంటే ఏమిటో చూస్తున్నారు. అందుకే పోటీలు పెట్టేవాళ్లందరినీ అడుగుతున్నాను. అతిథుల ప్రసంగాలు బహుమతులిచ్చేటప్పుడు పెట్టండి, అప్పుడు ఎంతసేపు మాట్లాడినా పిల్లలు నీడలో కూర్చుని వింటారు. మ్యాచ్‌కు ముందు చివరి పావుగంట జట్టును కోచ్‌కు వదిలేయండి. దండలు, శాలువాల డబ్బుతో రెండు బంతులు, నాలుగు జతల బూట్లు కొనివ్వండి, చిన్న జట్టుకు అంతకంటే ధైర్యం ఏముంటుంది. తోటి సార్లకు ఒక్క మాట, వాళ్ల అమ్మానాన్నల కష్టాన్ని మ్యాచ్‌లోకి తేవద్దు. పిల్లలు దాన్ని ఇంటి దగ్గర రోజూ చూస్తూనే ఉన్నారు.

మండల స్థాయి పోటీలు మొదలయ్యేలోపు ఈ ఉత్తరం వేస్తే మేలు చేసినవారవుతారు. స్థలం చాలకపోతే నా కథ తీసేసినా పరవాలేదు, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా