దత్తత ఫైలు కదలాలంటే అందరూ ఒకచోట కూర్చోవాలి

సంపాదక మహాశయా,

నమస్కారం. దత్తత కోసం 2021 డిసెంబరు నాటికి దేశవ్యాప్తంగా 27,939 మంది పేర్లు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నారని, సంరక్షణ కేంద్రాల్లో ఉన్న అనాథ, వదిలివేసిన, అప్పగించిన పిల్లలు 6,996 మంది కాగా వారిలో చట్టప్రకారం దత్తతకు అర్హులని ప్రకటించినది 2,430 మందిని మాత్రమేనని పార్లమెంటు స్థాయీ సంఘం 2022 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో పేర్కొంది. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ లెక్కల ప్రకారం 2024–25లో 4,515 దత్తతలు జరిగాయి. పన్నెండేళ్లలో ఇదే అత్యధికం కాబట్టి సంతోషించవలసిన విషయమే. అయినా వరుసలో ఉన్న దంపతులు ఇప్పటికీ వేలల్లోనే ఉన్నారు, అర్హత ఉత్తర్వు రాని పిల్లలూ కేంద్రాల్లో పెరిగి పెద్దవుతూనే ఉన్నారు.

నేను కావలి, కందుకూరు ప్రాంతాల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) సూపర్‌వైజరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నేను చూసినంతలో ఈ జాప్యానికి ఏ ఒక్కరి దుర్మార్గమూ కారణం కాదు. బిడ్డ చుట్టూ ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు వైద్యులు అంతా ఉంటారు. ఎవరి పని వారు చేశామనే అనుకుంటారు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉండటం వల్ల బిడ్డ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లు వీరందరినీ నెలకొకసారి ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కో బిడ్డ పేరు పిలిచి, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో తేల్చాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఏ కావలి రైల్వేస్టేషన్లోనో, ఒంగోలు బస్టాండులోనో ఒక పసిబిడ్డ దొరికిందనుకుందాం. ఇరవై నాలుగు గంటల్లోగా ఆ బిడ్డను, ఇలాంటి పిల్లల బాగోగులపై నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలి. సమితి ఆదేశంపై బిడ్డ, పసిపిల్లల సంరక్షణ కేంద్రమైన శిశుగృహకు చేరుతుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం మూడు రోజుల్లో ఫొటోతో పత్రికా ప్రకటన ఇవ్వాలి, పోలీసులు తల్లిదండ్రుల కోసం వెతికి నివేదిక ఇవ్వాలి, ఆ తరువాత సమితి, బిడ్డను తన ముందుకు తెచ్చిన నాటి నుంచి వయసు రెండేళ్లలోపు అయితే రెండు నెలల్లో, రెండేళ్లు దాటితే నాలుగు నెలల్లో దత్తతకు అర్హత ఉత్తర్వు ఇవ్వాలి. ఆపై పిల్లల వైద్యుడి పరీక్ష నివేదిక సిద్ధం చేసి కారా పోర్టల్‌లో ఎక్కించాలి. కాగితం మీద ఇదంతా సవ్యంగానే ఉంది. ఆచరణలో పోలీసు స్టేషన్ నుంచి నివేదిక రాలేదన్న ఒక్క కారణంతో నెలలు గడిచిపోవడం నేను చూశాను. నిర్ణీత గడువులోగా పోలీసు నివేదిక రాకపోతే వచ్చినట్టే భావించి ముందుకు సాగవచ్చని దత్తత నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. ఆ సంగతి తెలిసినవారు, తెలియక ఫైలు పట్టుకుని కూర్చున్నవారు ఒకే గదిలో ఎప్పుడూ కలవరు, అదే అసలు చిక్కు.

దొరికిన పసిబిడ్డల కంటే ఎక్కువ అన్యాయం జరిగేది, తల్లో తండ్రో బంధువో తీసుకువచ్చి ఆశ్రమంలో చేర్చి, ఆ తరువాత మళ్లీ రాని పిల్లలకు. ఒక ప్రైవేటు ఆశ్రమంలో నేను సందర్శకుల పుస్తకం తిరగేసినప్పుడు ఒక బాబును చూడటానికి వచ్చినట్టు ఏళ్ల తరబడి ఒక్క సంతకం కూడా కనిపించలేదు. చేర్చిననాటి దరఖాస్తులో మేనమామ వేలిముద్ర, పనిచేయని ఫోను నంబరు ఉన్నాయి. కనిగిరి, పామూరు వైపు నుంచి కూలి పనులకు ఊళ్లు పట్టుకుని పోయే కుటుంబాల్లో ఇలాంటివి కొత్త కాదు. నిర్వాహకులు ఆ బాబును ప్రేమగానే చూసుకుంటున్నారు, కాబట్టి ఫిర్యాదు చేసేవారు లేరు. ఫిర్యాదు లేదు కాబట్టి అతని పేరు సమితి ముందుకు రాలేదు. అలాంటి పిల్లల కుటుంబాన్ని వెతికించడం, దొరికితే ఆదుకుని బిడ్డను తిరిగి అప్పగించడం, దొరకకపోయినా, పెంచే స్థితిలో లేరని తేలినా దత్తతకు దారి తెరవడం సమితి బాధ్యత. ఆశ్రమం తనంతట తాను జాబితా ఇవ్వకపోతే సమితికి తెలిసే అవకాశం చాలా తక్కువ.

ఇక ప్రైవేటు నర్సింగ్‌హోముల సంగతి. పెళ్లికాని అమ్మాయో, భర్త వదిలేసిన స్త్రీయో ప్రసవానికి వచ్చినప్పుడు, ఆ బిడ్డ ఇంటికి వెళ్లదన్న విషయం అందరికంటే ముందు తెలిసేది అక్కడి వైద్యురాలికి, నర్సుకు, ఆయాకు. చట్టబద్ధమైన దారి ఉందని ఆ సమయంలో ఒక్కరు చెప్పినా బిడ్డ జీవితం మరోలా ఉంటుంది. చెప్పేవారు లేనిచోట మధ్యవర్తి ప్రవేశిస్తాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద దత్తత అని రాయించి, డబ్బు చేతులు మార్చి, జనన ధ్రువపత్రాన్ని బిడ్డను తీసుకునేవారి పేరు మీదనే పుట్టిస్తాడు. బాలల న్యాయ చట్టం ప్రకారం పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా, పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, అందులో ఆసుపత్రి సిబ్బంది ఉంటే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు శిక్ష పడుతుంది. శిక్షల సంగతి అలా ఉంచినా, ఎప్పుడో నిజం బయటపడిన రోజున అప్పటికే అమ్మా నాన్నా అని పిలవడం నేర్చిన బిడ్డను పోలీసులు వచ్చి తీసుకువెళ్లవలసి రావడం ఎంత దారుణమో ఆలోచించండి.

బిడ్డను పెంచలేని తల్లి సమితి ముందుకు వచ్చి అప్పగింత పత్రంపై సంతకం చేయవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆమె వివరాలు గోప్యంగా ఉంచుతారు. తప్పనిసరి పరిస్థితుల్లో బిడ్డను వదులుకున్న తల్లిదండ్రులది ఉద్దేశపూర్వకమైన నేరంగా భావించరాదని చట్టం చెబుతోంది. తల్లి మైనరైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలపక తప్పదు గానీ, అది ఆమెకు రక్షణే తప్ప ఆమెపై కేసు కాదు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాసిన బోర్డు రెండు జిల్లాల్లోని ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోనూ, వైద్య సంఘాల సహకారంతో, మహిళలు ఒంటరిగా చదువుకోగలిగే చోట ఉండాలి. బిల్లు కట్టే కౌంటరు ఎదుట పెడితే ప్రయోజనం ఉండదు.

దత్తత తీసుకునే కుటుంబాల వైపు కూడా చేయవలసింది ఉంది. నమోదైన దంపతుల ఇంటికి సామాజిక కార్యకర్త వెళ్లి అధ్యయన నివేదిక రాస్తారు. అలాంటి ఒక ఇంటికి తోడుగా వెళ్లినప్పుడు అత్తగారు కాఫీ గ్లాసులు పెడుతూ, “ఏ కులం బిడ్డో ముందే తెలుస్తుందా అమ్మా?” అని అడిగారు. తెలియదనీ, ఎంచుకునే వీలు లేదనీ చెప్పాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కోడలు మాత్రం, “మాకు బిడ్డ కావాల, అంతే” అన్నది. ఇలాంటి ఇళ్లలో ఒక పూట వచ్చి వెళ్లే ఉద్యోగి మాట కంటే, ఇప్పటికే దత్తత తీసుకుని పెంచుకుంటున్న మరో తల్లి మాట ఎక్కువ పనిచేస్తుంది. స్వచ్ఛంద సంస్థలు అలాంటి తల్లిదండ్రులను, వారు ఇష్టపడితేనే, కొత్తవారికి పరిచయం చేయవచ్చు. ఐదారేళ్లు దాటిన పిల్లలను తీసుకోవడానికి సంకోచించేవారికి కూడా ఈ పరిచయాలే ధైర్యం ఇస్తాయి.

గ్రహణం పెదవి, మెల్లకన్ను, గుండెలో చిన్న రంధ్రం వంటి సరిచేయగలిగిన సమస్యలతో ఉన్న పిల్లలను చూసి దంపతులు వెనక్కి తగ్గుతుంటారు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ బోధనాసుపత్రులు ఉన్నాయి, అనుభవజ్ఞులైన ప్రైవేటు పిల్లల వైద్యులూ ఉన్నారు. శిశుగృహ పిల్లలకు సకాలంలో శస్త్రచికిత్స చేయించి, నివేదికలో జబ్బు పేరు ఒక్కటే రాసి వదిలేయకుండా అది ఎంతవరకు నయమవుతుందో కూడా వివరంగా రాయిస్తే, అదే బిడ్డకు ఇల్లు దొరుకుతుంది.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్లకు, అంటే కలెక్టర్లకు వచ్చింది. కలెక్టరు అధ్యక్షతన ప్రతి జిల్లాలో నెలవారీ సమావేశం జరగాలని స్థాయీ సంఘం సూచించింది. సంరక్షణ కేంద్రాల్లోని అనాథ, వదిలివేసిన, అప్పగించిన పిల్లలను గుర్తించడానికి రెండు నెలలకొకసారి ప్రత్యేకంగా పూనుకోవాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి కొత్త చట్టం గానీ, పెద్ద నిధులు గానీ అవసరం లేదు. సమితి సభ్యులు, పరిరక్షణ అధికారి, శిశుగృహ సిబ్బంది, పోలీసులు, వైద్య ఆరోగ్య శాఖ, న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది ఒకవైపు, ఆశ్రమ నిర్వాహకులు, నర్సింగ్‌హోముల ప్రతినిధులు, పిల్లల వైద్యులు మరొకవైపు నెలకొక్క పూట కలిస్తే చాలు. మొదటి సమావేశానికి రెండు జిల్లాల్లోని ప్రతి ఆశ్రమం, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, తన సందర్శకుల పుస్తకంతో సహా హాజరు కావాలని కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజరు,
కావలి, నెల్లూరు జిల్లా