హైవే నేర్పకుండా లైసెన్స్ ఇవ్వకండి

రవాణా శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. డ్రైవింగ్ పాఠాలు చాలావరకు సందుల్లోనే, రెండో గేరులోనే అయిపోతున్నాయి. రివర్స్, పార్కింగ్ బాగానే నేర్పుతున్నారు, కాదనను. లైసెన్స్ వచ్చాక మాత్రం హైవే పేరెత్తితేనే టెన్షన్.

అసలు చిక్కంతా హైవేలో కలిసే చోటే. కొత్తవాళ్లు హైవేలోకి ఎక్కించే దారి (ర్యాంపు) చివరిదాకా వచ్చి, భయంతో బ్రేకు తొక్కేస్తారు. నిజానికి అక్కడ అద్దం చూసి, ఇండికేటర్ వేసి, అద్దంలో కనబడని పక్కను తల తిప్పి చూసుకుని, అవతలి వాహనాల వేగం అందుకుంటూ ఖాళీలోకి వెళ్లాలి. శిక్షకుడు పక్కన కూర్చుని చేయిస్తే తప్ప ఇది చేతికి రాదు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుంది. ముందు బండికి కనీసం రెండు సెకన్ల ఎడం ఎందుకో అక్కడ నడిపితేనే తెలుస్తుంది. (వెనకవాడు హారన్ కొడుతూనే ఉంటాడు, అది వేరే సంగతి.)

అందుకే హైవే పాఠాలను తప్పనిసరి చేయండి, పరీక్షలోనూ చేర్చండి. లేకపోతే స్కూళ్లు పట్టించుకోవు. శిక్షకుడి వైపూ బ్రేకు ఉండే డ్యూయల్ కంట్రోల్ కారులో, రద్దీ లేని వేళ మొదలుపెట్టించి, తర్వాత వానలోనూ రాత్రిపూటా ఒక్కసారైనా నడిపించమనండి.

ఇట్లు,
ఒక పౌరురాలు