చెరువు కట్టకు కాపలా మనిషి కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా ఊరి చెరువు కట్ట ఎత్తు ఇరవై అడుగులు. చెరువు నిండితే నూరెకరాల్లో నీళ్లు నిలుస్తాయి. కట్ట దిగువన మా కయ్యలు (వరి మళ్లు), కయ్యలు దాటితే కాలనీ, ప్రాథమిక పాఠశాల, ఆ తర్వాత వంక (వాగు). రాజంపేట చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే వరస. ఈశాన్య రుతుపవనాలు రావడానికి ఇంకా నెల గడువుంది. ఆలోపు ఇలాంటి ప్రతి చెరువుకీ జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలని ప్రభుత్వాన్ని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2021 నవంబరు 19న మా ప్రాంతం ఏమైపోయిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ముందు పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు వచ్చి పడ్డాక చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లలోకి తెల్లవారుతుండగానే ఏరు వచ్చేసింది. మనుషులు పోయారు, పశువులు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి. ఆ నష్టం అంతా ప్రాజెక్టుల లెక్కలో రాసుకున్నారు. అదే రాత్రి మా ఊళ్లో చిన్న చెరువు కట్ట తెగడానికి ఎంత దగ్గరి దాకా వచ్చి ఆగిందో ఎవరూ రాసుకోలేదు.

ఆ రాత్రి మొరవ మీద, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే అలుగు మీద, రెండడుగుల ఎత్తున నీళ్లు పారుతున్నాయి. టార్చిలైట్లు పట్టుకుని పదిమందిమి కట్ట మీదే ఉన్నాం. కట్ట కింద కయ్య గట్టు దగ్గర ఊట రావడం మాకు కొత్త కాదు, చెరువు నిండిన ప్రతి ఏడూ వస్తుంది. మాలో పెద్దాయన ఒకరు దిగి వెళ్లి ఆ నీళ్లను దోసిట్లో పట్టి లైటు వేసి చూశాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. తేటగా వచ్చే ఊటకు భయపడక్కర్లేదు. ఎర్రనీళ్లు వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టి నీళ్లతో పాటు బయటికి వచ్చేస్తోందని, లోపల బుంగ పెద్దదవుతోందని అర్థం. ఇంజనీర్లు దీన్నే పైపింగ్ అంటారు.

మేము చేసిన మొదటి పని తప్పు పని. బంకమట్టి తెచ్చి ఆ రంధ్రంలో కూరి తొక్కాం. పది నిమిషాల్లో మూడు గజాల అవతల ఇంకో చోట ఉబికింది. అప్పుడు, ఎప్పుడో చెరువు పనుల్లో మేస్త్రీగా చేసిన ఒకాయనకు ఫోన్ చేస్తే, మూయొద్దు, ముందు ఇసుక పోయండి, ఇసుక మీద కంకర, కంకర మీద రాళ్లు వేయండి, నీళ్లు పోనివ్వండి, మట్టి పోకూడదు అన్నాడు. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాం. కట్ట లోపలి వైపు నీళ్లు సుడి తిరుగుతున్న చోటు వెతికి వరిగడ్డి మోపులు, బస్తాలు దించాం. తెల్లారేసరికి ఊట తేటబడింది. కాలనీ వాళ్లు ఆ రాత్రంతా స్కూలు మేడ మీద పిల్లలతో కూర్చున్నారు. ఆ టెన్షన్ ఈ రోజుకీ మా ఇళ్లల్లో పోలేదు, నవంబరులో ముసురు పట్టిందంటే ఎవరికీ నిద్ర ఉండదు.

ఆ పెద్దాయన దోసిలి పట్టకపోయి ఉంటే? ఊరిని కాపాడింది ఆయన చూపు. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి.

చిన్న చెరువు వరదను ఏం ఆపుతుందని అడిగేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. నూరెకరాల చెరువులో నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే 43 లక్షల ఘనపుటడుగుల పైచిలుకు నీళ్లు అందులో ఆగినట్టు. వెయ్యి క్యూసెక్కులు, అంటే సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు పారే వంకను గంటా పది నిమిషాల సేపు పూర్తిగా నిలబెడితే ఎంతో, ఇదీ అంత. ఎండిన చెరువైతే మొదటి వానను మొత్తం తనలోనే పెట్టుకుంటుంది. నిండిన చెరువైనా ఊరికే ఉండదు, మొరవ మీద అడుగు ఎత్తున నీళ్లు పారాలంటే ముందు చెరువంతా ఆ అడుగు మేర పెరగాలి. ఆ వ్యవధిలో పైన వాన తగ్గొచ్చు, కింద జనం పిల్లల్ని, గొడ్లను మెరకకు చేర్చుకోవచ్చు. ఒకే వంక మీద ఇలాంటివి నాలుగు గొలుసుకట్టుగా ఉంటే చెయ్యేటికి చేరే ఉరవడి ఎంత తగ్గుతుందో ఊహించుకోవచ్చు.

కానీ గొలుసుకట్టులో ఒకటి తెగితే కిందిదాని మీద పడేది ఒక్క వాన నీళ్లు కాదు, పై చెరువు మొత్తం. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన మూసీ వరదలో పైనున్న చెరువులు రెండు వందలకు పైగా తెగాయి. 2020 అక్టోబరులో అదే నగరం అంచున గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి బెంగళూరు హైవే మీద కార్లు కొట్టుకుపోయాయి. అది కూడా చిన్న చెరువే.

2021 డిసెంబరు 30న దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. మంచి చట్టమే. 15 మీటర్లు దాటినవాటికి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో పొడవు, నిల్వ లాంటి షరతులకు సరిపోయేవాటికి అది వర్తిస్తుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వాటిని తనిఖీ చేయాలి. మా కట్ట ఆరు మీటర్లు. కాబట్టి ఆ చట్టం మా కట్ట దాకా రాదు. దానికింద పడుకునే పిల్లలకు మాత్రం ఆరు మీటర్ల నీళ్లు చాలా ఎక్కువ.

మట్టి కట్టకు ప్రాణం మొరవలో ఉంది. రాతి కట్టడం మీద నుంచి నీళ్లు దూకినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టి కట్ట మీద నుంచి పొర్లితే వెనక వైపు కోత మొదలవుతుంది, ఆ తర్వాత గండి పడటం గంటల మాట. అలాంటి మొరవను మనం ఏం చేస్తున్నాం? చేపలు పోకుండా అడ్డంగా వలలు కడుతున్నారు. వరద తెచ్చిన చెత్త, కంప ఆ వలకు చుట్టుకుని గోడలా నిలుస్తుంది. ఇంకో తడి వస్తుందన్న ఆశతో రైతులం మొరవ మీద ఇసుక బస్తాలు పెడతాం. నేనూ పెట్టాను, ఆ రాత్రి తర్వాత మానేశాను. మొరవ కాలువ అయితే సగం పూడి, సగం దున్నుకుని ఉంటుంది. ఇక కట్ట మీద ముళ్ల కంప. దాని వేళ్లు లోతుకు పోతాయి, చెట్టు ఎండితే వేరు కుళ్లి ఆ దారి నీళ్లకు పనికొస్తుంది. పందికొక్కుల బొరియలు, పుట్టలు ఆ కంప చాటున కనిపించనే కనిపించవు. పూడిక పేరుతో కట్టకు ఆనుకునే మట్టి తవ్వడం, ట్రాక్టరు దిగడానికి కట్టను కోసి బాట చేయడం, ఇవీ ఆపాలి.

ఇవన్నీ పెద్ద ఇంజనీర్లు వస్తే తప్ప కనిపించని లోపాలు కావు. రోజూ కట్ట మీద నడిచే మనిషికి కనిపిస్తాయి. పూర్వం ఆ మనిషి ఉండేవాడు. నీరుగంటి అనేవాళ్లం. తూము తియ్యడం, మడవలు కట్టడం, వానొస్తే రాత్రిళ్లు కట్ట మీద తిరగడం ఆయన పని. పంటలో ఆయనకింత అని మేర ఉండేది. చెరువుల బాగుకు దశబంధం ఇనాములు, అంటే మాన్యం భూములు ఉండేవి. బోర్లు వచ్చాక చెరువు మీద ధ్యాస తగ్గింది, నీరుగంటికి మేర కొలిచేవాళ్లూ తగ్గారు. మా ఊళ్లో ఆఖరి నీరుగంటి కొడుకులు కువైట్‌లో పని చేసుకుంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేం.

మా కడప సీమలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు రోజుకు వెయ్యి మంది కూలీలతో, నూరు బండ్లతో రెండేళ్లు పనిచేయించి కట్టించిన చెరువు అది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో రాయించాడు. కట్ట నుంచి నీళ్లు కారడం ఆ దోషాల్లో ఒకటి. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కిన మాట ఇది.

పోయిందేదో తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు, ఐదు నెలలు, చెరువుకొక మనిషికి జీతం ఇవ్వండి. ఆయన చేతికి ఒక టార్చి, ఒక రిజిస్టరు, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ఇవ్వండి. మొరవ పక్కన అడుగుల గుర్తులు వేసిన రాయి పాతండి. ఏ గుర్తు దాటితే కింది ఊరికి చెప్పాలో, ఏ గుర్తు దాటితే ఇళ్లు ఖాళీ చేయించాలో ముందే గ్రామసభలో తేల్చండి. రాత్రి రెండు గంటలప్పుడు ఆ మాట చెప్పే అధికారం ఆ మనిషికే ఉండాలి, ఎవరి సంతకం కోసమూ ఆగకూడదు. కట్ట దగ్గర నాలుగు ట్రాక్టర్ల ఇసుక, రెండు ట్రాక్టర్ల కంకర, ఖాళీ గోతాలు ముందే ఉండాలి. ఆ రాత్రి మాకు కంకర దొరికింది, పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు కాబట్టి.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆ మనిషిని పెట్టే బాధ్యత ఆ సంఘాలకు ఇవ్వొచ్చు, డబ్బు మాత్రం ప్రభుత్వం ఇవ్వాలి. కంప కొట్టే పని ఉపాధి హామీలో పెట్టొచ్చు. కనిపెట్టుకుని ఉంటే కట్ట నిలుస్తుందనడానికి తిరుపతి దగ్గర రాయలచెరువు ఉంది. అదే 2021 నవంబరులో దాని కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించి, రాత్రింబవళ్లు బస్తాలు వేసి కాపాడుకున్నారు. అది తెగలేదు.

ఈ ఏడాది మా కట్ట మీద కంప అలాగే ఉంది, అర్జీ ఇచ్చి మూడు వారాలైంది. మొరవకు అడ్డం కట్టిన వల మాత్రం నిన్న సాయంత్రం చేపల వాళ్లతో మాట్లాడి, వాళ్లతో కలిసే విప్పేశాం.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
రాజంపేట ప్రాంతం