డబ్బా మీద లేని ఒక వాక్యం: పాత బస్సు ఛాసిస్‌పై ఊడిన ప్రైమర్ గురించి ఫిర్యాదు

అనంతపురం,
18 నవంబరు 2024.

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,
రంగుల తయారీ కంపెనీ ప్రధాన కార్యాలయం.

విషయం: మీ తుప్పు మార్పిడి ద్రావణంపై మీ ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) వేసినందువల్ల బస్సు ఛాసిస్‌కు (అడుగు ఇనుప చట్రానికి) పూత పొక్కులెత్తి ఊడిపోవడం, నష్టపరిహారం కోరడం గురించి.

సూచిక: 1. అనంతపురంలోని మీ డీలరు ఇచ్చిన బిల్లు, 19 ఆగస్టు 2024. 2. మీ ఈమెయిల్ జవాబులు, 28 అక్టోబరు, 8 నవంబరు 2024.

అయ్యా,

నేను ఇక్కడి ఒక పాలిటెక్నిక్ కళాశాల వర్క్‌షాపులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు 1966లో కొన్న టాటా మెర్సిడెస్ బెంజ్ బస్సును మా ఇంటి వెనుక కొట్టంలో రెండేళ్లుగా విడతలవారీగా బాగుచేసుకుంటున్నాను. 1954లో టాటా వారు డైమ్లర్ బెంజ్‌తో కుదుర్చుకున్న ఒప్పందం 1969లో ముగిసేదాకా వారి బళ్ల మూతి మీద మూడు రేకల నక్షత్రం ఉండేది. ఆ నక్షత్రం మా బస్సుకు ఇప్పటికీ ఉంది. అనంతపురం, కళ్యాణదుర్గం మధ్య కొన్నేళ్లు తిరిగి, పర్మిట్ పోయాక ఒక వేరుశనగ నూనె మిల్లులో కూలీలను చేరవేసి, చివరికి చింతచెట్టు కింద ముప్పై ఏళ్లు నిలబడిపోయిన బండి అది. ఇదంతా మీకు అవసరం లేని సంగతేనని తెలుసు. అయితే మీ ప్రతినిధి దీన్ని పాత ఇనుముగా లెక్కగట్టి మాట్లాడారు గనుక, ఈ బండి మాకు పాత ఇనుము కాదని చెప్పి అసలు విషయానికి వస్తాను.

విడతలవారీగా చేసే పనికి ఒక ఇబ్బంది ఉంది. ఒక విడతలో చేసిన పని తర్వాతి విడతలో మూతపడిపోతుంది. మొదటి విడతగా 2022 చివర్లో ఇంజనూ గేర్‌బాక్సూ దింపి, బానెట్, కౌల్ (ముందు అద్దం కింది రేకు భాగం) విప్పదీశాను. రెండో విడత ఛాసిస్. దాని మీద ఇనుప యాంగిళ్లు, వాటి మీద టేకు పలకల ఫ్లోరు, ఫ్లోరు మీద సీట్లు వస్తాయి. పలకలు బిగించాక ఛాసిస్ పైభాగానికి చేయి పోదు, బ్రష్షూ పోదు. అక్కడ పూత చెడిపోతే కనిపెట్టేసరికి ఫ్లోరు మొత్తం విప్పాల్సి వస్తుంది. అందుకే ఈ విడతలో చవక సరుకు వాడకూడదనీ, రెడ్ ఆక్సైడ్ (మామూలు ఎర్ర ప్రైమర్) పూసి సరిపెట్టుకోకూడదనీ నిర్ణయించుకుని, మీ డీలరు సలహా మీద మీ కంపెనీ సరుకే రెండూ కొన్నాను. తుప్పును నల్లటి పొరగా మార్చే ద్రావణం ఐదు లీటర్ల డబ్బాలు మూడు, రెండు భాగాల ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ కిట్లు నాలుగు, మీ థిన్నరు పది లీటర్లు కలిపి రూ. 24,750 అయింది.

ఛాసిస్ ముందు సగం బాడీ లేకుండా బయటపడి ఉంది గనుక దాన్ని శాండ్ బ్లాస్టింగ్ (గొట్టంతో ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టడం) చేయించి తెల్లటి ఇనుము తేలేలా శుభ్రం చేయించాను. ఈ భాగానికి తుప్పు ద్రావణం అవసరం రాలేదు. వెనుక సగం మీద బాడీ ఇంకా కూర్చునే ఉంది, అక్కడికి గొట్టం దూరదు. అందువల్ల గ్రైండరుకు తగిలించిన వైర్ బ్రష్షుతో వదులు తుప్పంతా రాల్చి, ఛాసిస్ చానెల్ (పొడవాటి ఇనుప దూలం) లోపల అరవై ఏళ్లుగా గట్టిపడిన ఎర్రమట్టిని ఉలితో పెళ్లగించి, థిన్నరుతో జిడ్డు తుడిచి, గుంతలు పడ్డచోట మిగిలిన తుప్పు మీద మీ ద్రావణం రెండుసార్లు పూశాను. వానలు తక్కువ పడే జిల్లా కాబట్టి పైరేకు ఇంతకాలం నిలిచింది గానీ, మట్టి పేరుకున్నచోట తేమ నిలిచి ఇనుమును లోతుగానే తిన్నది.

ఆ డబ్బా మీద, ద్రావణం పూసిన చోటు నల్లగా మారిన 24 గంటల తర్వాత ఏ ప్రైమరైనా వేసుకోవచ్చని స్పష్టంగా ముద్రించి ఉంది. నేను 24 గంటలు కాదు, 48 గంటలు ఆగాను. ఆగస్టు 28, 29 తేదీల్లో రేకుల కప్పు వేడెక్కకముందే, ఉదయం ఏడు నుంచి పది లోపు, ఇనుము ఉష్ణోగ్రత 29 నుంచి 31 డిగ్రీల మధ్య ఉండగా, ప్రైమరు రెండు భాగాలను దాని కాగితంలో చెప్పిన నాలుగుకు ఒకటి పాళ్లలో కలిపి, ఇరవై నిమిషాలు పక్కన పెట్టి, రెండు పూతలు గన్‌తో కొట్టించాను. ముందు సగానికీ వెనుక సగానికీ కలిపిన బకెట్టు ఒకటే, గన్ ఒకటే, కొట్టిన పెయింటరు ఒకడే. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే మీ రెండు జవాబుల్లోనూ దీని ప్రస్తావన లేదు.

అక్టోబరు నాలుగో వారంలో ఇక్కడ పండమేరు వాగు పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చిన వానలు మీరూ వార్తల్లో చూసే ఉంటారు. మా కొట్టంలోకి చుక్క నీరు రాలేదు, బస్సు తడవలేదు. గాలిలో చెమ్మ మాత్రం వారం రోజులు వదల్లేదు. అక్టోబరు 24న చూస్తే వెనుక సగం పొడవునా, ద్రావణం పూసిన ప్రతిచోటా వేలిగోరంత పొక్కులు లేచి ఉన్నాయి. కుడివైపు చానెల్ మీద ఒక అడుగు మేర లెక్కపెడితే నలభై మూడు తేలాయి. ముందు సగంలో ఒక్కటీ లేదు. సుత్తితో కొట్టి చూస్తే అక్కడ పూత సొట్ట పడుతుందే తప్ప విడిపోదు. వెనుక సగంలో గోటితో గీరితే పొరగా లేచి వస్తుంది. ఆ పొర పైవైపు గట్టిగా ఉంది, ఇనుముకు అంటిన వైపు రెండు నెలలైనా జిగురుగానే ఉంది. ఒక పొక్కును సూదితో గుచ్చి, వచ్చిన నీటి బొట్టుకు నీలి లిట్మస్ కాగితం తాకిస్తే ఎర్రబడింది, అంటే అందులో ఆమ్లం ఉందన్నమాట.

దీనికి కారణం మీ ప్రయోగశాల వారికి నేను చెప్పాల్సిన పని లేదు. అయినా జవాబులు రాస్తున్నది వేరే విభాగం కాబట్టి రాస్తున్నాను. మీ ద్రావణంలో ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిన్ ఉన్నాయని డబ్బా మీదే ఉంది. అవి తుప్పుతో కలిసి గట్టి పొరగా మారగా, గుంతల్లో మిగిలిపోయిన ఆమ్లం అలాగే ఆరి ఉండిపోతుంది. ఎపాక్సీ ప్రైమరు గట్టిపడేది దాని రెండో భాగమైన అమైన్ జాతి హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) వల్ల. అమైన్ క్షారం, ఆమ్లం తగిలితే దానితోనే కలిసిపోతుంది గనుక అడుగు పొర గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. పైగా పూత కింద చిక్కిన ఆమ్లం, నీటిలో కరిగే దాని లవణాలు గాలిలోని తేమను పొర గుండా లోపలికి లాక్కుంటాయి. పొక్కులు లేచేది అందుకే. అంటే మీ ద్రావణంలోనూ లోపం లేకపోవచ్చు, మీ ప్రైమరులోనూ లేకపోవచ్చు. నడుమ కడగకుండా ఒకదాని మీద ఒకటి వేయకూడదన్న మాట కొన్నవాడికి చెప్పకపోవడం లోపం.

ఆ మాట మీకు తెలియదనుకోవడానికి వీల్లేదు. నేను ఫిర్యాదు చేశాక అక్టోబరు 28న మీరు పంపిన ఆ ద్రావణం సాంకేతిక పత్రం మూడో పేజీలో, రెండు భాగాల ఎపాక్సీ పూతలు వేసేముందు ద్రావణం పూసిన చోటును మంచినీటితో ఆమ్లం పోయేదాకా కడిగి ఆరబెట్టాలని ఉంది. డబ్బా మీద ఏ ప్రైమరైనా వేసుకోవచ్చంటారు, కాగితంలో కడగకుండా ఎపాక్సీ వేయవద్దంటారు. ఆ కాగితం డబ్బాతో రాదు, డీలరు దగ్గరా లేదు. పూత ఊడిపోయిన తర్వాత అడిగితే వస్తుంది. లేబులు మీద తప్పనిసరి వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలునన్న నిబంధన నాకు తెలుసు గనుక తెలుగులో ఎందుకు రాయలేదని నేను తగాదా పెట్టను. ఏ భాషలోనూ రాయలేదన్నదే నా తగాదా.

నవంబరు 2న మీ క్షేత్రాధికారి మా ఇంటికి వచ్చారు. పది నిమిషాలు ఫోనుతో ఫొటోలు తీసుకున్నారు. పొక్కు కోసి అడుగు పొర చూడమంటే చూడలేదు, లిట్మస్ కాగితం ఇస్తే ముట్టుకోలేదు. మా ఇంట్లో కాఫీ తాగుతూ, ఇంత పాత బండికి రెడ్ ఆక్సైడ్ చాలదా సార్ అన్నారు. మీ ఎపాక్సీ అమ్మవలసిన మనిషే ఆ మాట అనడం నాకు నవ్వు తెప్పించింది గానీ, 8వ తేదీన వచ్చిన ఆయన నివేదిక మాత్రం తెప్పించలేదు. ఉపరితలాన్ని సరిగా శుభ్రం చేయనందువల్ల పూత పట్టలేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆ వాక్యం నిజమో కాదో తేల్చే పరీక్షను, అది రాకముందే, మీ సాంకేతిక పత్రం చూశాక నేనే మొదలుపెట్టాను. అక్టోబరు 29న ఎడమవైపు చానెల్ మీద నాలుగడుగుల మేర పూత గీకి, అదే వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి, మీ ద్రావణమే మళ్లీ పూశాను. నల్లబడ్డాక రెండడుగులు అలాగే వదిలి, మిగతా రెండడుగులను లిట్మస్ కాగితం రంగు మారడం ఆగేదాకా మూడుసార్లు నీళ్లతో కడిగి తుడిచి, వెంటనే వేడిగాలి బ్లోయరుతో ఆరబెట్టాను. మరునాడు రెండిటికీ ఒకే గిన్నెలో కలిపిన మీ ప్రైమరు వేసి, వారం ఆరనిచ్చి, రెండిటి మీదా తడిపిన గోనెసంచి కప్పాను. కడగని రెండడుగుల్లో ఆరు రోజులకు పొక్కులు లేచాయి. కడిగిన రెండడుగులు ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. శుభ్రం చేసిన తీరు రెండుచోట్లా ఒకటే అయినప్పుడు, తేడా శుభ్రతలో లేదని మీ క్షేత్రాధికారి కూడా ఒప్పుకోవలసిందే. తేదీలు కనిపించేలా తీసిన ఫొటోలు, ఊడివచ్చిన పూత ముక్కలు సీలు వేసిన కవర్లలో నా దగ్గర ఉన్నాయి. ఫొటోల నకళ్లు ఈ లేఖతో జతచేశాను.

నాకు జరిగిన నష్టం ఇది. సరుకుకు పెట్టిన రూ. 24,750. ఇద్దరు పనివాళ్లకు రోజుకు రూ. 900 చొప్పున తొమ్మిది రోజుల కూలి రూ. 16,200. వెనుక సగంలో గుంతల్లోకి దిగిన జిగురు పూత బ్రష్షుతో పోయేది కాదు. ఇప్పుడు బాడీని జాకీల మీద పైకెత్తి శాండ్ బ్లాస్టింగ్ చేయించడం తప్ప దారి లేదు. దానికి ఇచ్చిన అంచనా రూ. 38,000, ఆ కాగితమూ జతచేశాను. మొత్తం రూ. 78,950. ముందు సగంలో పూత నిలిచింది కదా, సరుకు ధర మొత్తం ఎందుకని మీరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ భాగానికి పట్టిన ప్రైమరు విలువను మినహాయించడానికి నేను సిద్ధం. నేను చేసుకున్న రెండు నెలల చాకిరీకి వెల కట్టడం లేదు.

సరైన వాడకం గురించి తగిన సూచనలు ఇవ్వని తయారీదారు, దానివల్ల కొనుగోలుదారుడి ఇతర ఆస్తికి జరిగిన నష్టానికి బాధ్యుడని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ చెబుతోంది. 34వ సెక్షన్ ప్రకారం నేను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. సరుకు ధర ఐదు లక్షల లోపు గనుక దానికి రుసుము కూడా లేదు. ఆ దారి పట్టాలన్న సరదా నాకు లేదు, ఆ సమయం బస్సు మీద పెట్టుకోవడమే నాకిష్టం. అయినా ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే పట్టక తప్పదు.

డబ్బుతోపాటు నేను మరో రెండు కోరుతున్నాను. ఇప్పటికే దుకాణాల్లో ఉన్న ఆ ద్రావణం డబ్బాలకు, ఎపాక్సీ వేసేముందు నీటితో కడగాలన్న సూచన విడి చీటీగానైనా డీలర్ల ద్వారా అందేలా చూడండి. మా ఊళ్లోనే ట్రాక్టరు ట్రాలీలకూ బోరు లారీలకూ ఈ సరుకు కొంటున్నవారిని నేను డీలరు దగ్గర చూశాను. వారిలో సాంకేతిక పత్రం అడిగి తెప్పించుకునేవారు అరుదు. రెండోది, నా మూడో విడత పనిలో అల్యూమినియం పక్కరేకులు ఇనుప యాంగిళ్లకు రివిట్లతో తగులుతాయి. తేమలో ఆ రెండు లోహాల తాకిడికి అల్యూమినియం తినుకుపోకుండా మధ్యన మీ ప్రైమరు ఎన్ని పూతలు వేయాలో, దాని కింద ఏది ఉండకూడదో, ఈసారి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి.

పరీక్ష చేసిన నాలుగడుగుల చానెల్‌ను ఇంకా ముట్టుకోలేదు, ఫ్లోరు పలకలూ బిగించలేదు. మీ ప్రయోగశాల నుంచి ఎవరైనా వచ్చి చూడదలిస్తే డిసెంబరు 10 లోపు ఏ ఉదయమైనా రావచ్చు. 11వ తేదీన శాండ్ బ్లాస్టింగ్ వాళ్లు వస్తున్నారు.

ఇట్లు,
భవదీయుడు,
(పేరు, చిరునామా, ఫోన్ నంబరు జతపరిచిన బిల్లు నకలులో ఉన్నాయి)

జతపరిచినవి: బిల్లు నకలు, ఫొటోలు, డబ్బా లేబులు ఫొటో, మీ సాంకేతిక పత్రం మూడో పేజీ నకలు, శాండ్ బ్లాస్టింగ్ అంచనా.