పన్నెండో రోజున నేనూ ఆపేశాను

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "పది రోజులుగా డిప్రెషన్ మాత్రలు మింగుతున్నాను, కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదు, మానేస్తాను" అన్నావు. ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా అయినా మానకు.

నేను పన్నెండో రోజున మాత్రల డబ్బా అల్మారాలో పారేసి, వేసుకుంటున్నానని ఇంట్లో అబద్ధమాడాను. జ్వరం మాత్రకు అలవాటుపడ్డ ప్రాణాలు కదా మనవి, పూట తిరిగేసరికి తగ్గిపోవాలి! వీటి తీరు వేరు. ముందు ఇబ్బంది, తర్వాతే గుణం. వికారం, తలనొప్పి, నిద్ర చెడడం మొదటి ఒకటి రెండు వారాల్లో వస్తాయి, చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. మనసు తేలికపడడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితం తేలడానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు. నాకు వికారం ఎక్కువైందని చెబితే డాక్టరు మాత్రను తిన్నాక వేసుకోమన్నారు, అంతే. ఆ ఒక్క మాట అడగలేక మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టవద్దు. ఉన్నచోట ఉండనివ్వనంత అలజడి పుట్టినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆ పూటే డాక్టరుకు చెప్పు, నాకూ చెప్పు. అర్ధరాత్రయినా సరే.

ఈ మందుల పుట్టుక తమాషాగా ఉంటుంది. 1950ల మొదట్లో క్షయకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే, రోగులు ఎన్నడూ లేనంత హుషారుగా తిరగడం మొదలుపెట్టారట. దిగులుకు మందు అలా దారిలో దొరికింది! "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, నింపితే సరి" అనే మాట నాకు నచ్చదు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే దాని మీద ప్రభావం మొదలవుతుంది, మరి ఊరటకు వారాలెందుకు పడుతుంది? వ్యవహారం అంత తేలిక కాదు.

ఇక నిన్ను నువ్వు సోమరివని తిట్టుకోవడం. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, స్నానానికి లేవడమే కొండెక్కినట్టుండడం... ఇది జబ్బురా. డాక్టరు నీకు థైరాయిడ్ పరీక్ష రాసింది కూడా అందుకే, అది మందగించినా ఇలాగే ఉంటుంది.

ఉత్సాహం వచ్చాక లేద్దామని నేను నెలలు పడుకున్నాను. కౌన్సిలరు దాన్ని తిరగేశారు. ముందు లేవాలి, ఉత్సాహం దాని వెనక నడిచి వస్తుందన్నారు. మొదటి వారం నా పని గేటు దాకా వెళ్లి రావడం. నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. అయినా వెళ్లాను.

తేడా ముందు నాకు తెలియనే లేదు. ఒకరోజు గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నానని అక్క చెప్పింది. బాగైందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలన్నారు, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఆదివారం ఫోను చేస్తాను. మాట్లాడాలనిపించకపోతే ఊరికే చెవి దగ్గర పెట్టుకో. వాగడం ఎలాగూ నా వంతే.

నీ
పాత వాగుడుకాయ