గ్యాలరీలో తీరం పిల్లలకూ చోటివ్వండి

శ్రీహరికోట ప్రయోగాలను దగ్గర నుంచి చూసే అవకాశం మన తీరంలోని యానాది, మత్స్యకార పిల్లలకు అందడం లేదు. ఇస్రో 2019లో సందర్శకుల గ్యాలరీ తెరిచింది. సీటు కావాలంటే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మా ముత్తుకూరు వైపు కాలనీల్లో చాలా ఇళ్లకు ఒక్కటే ఫోను, అదీ పొద్దున్నే నాన్నతో పాటు రొయ్యల గుంటల దగ్గరికి పోతుంది. కబురు తెలిసేసరికి సీట్లు అయిపోతాయి. దొరికినా శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట దాకా చార్జీలెవరు పెట్టుకోవాలి? సైన్స్ ఫెయిర్లలోనూ ఇదే వరస, కొనుక్కొచ్చిన థర్మాకోల్ మోడళ్లకే బహుమతులు. పోనీ వీళ్లకు ఆసక్తి లేదా అంటే, పీఎస్ఎల్‌వీ రాకెట్ లేచిన రోజు ఇసుకలో నిలబడి, విడిపోయిన ముక్క సముద్రంలో ఎక్కడ పడుతుంది, మా నాన్న వల మీద పడదా అని నన్ను నిలదీసింది వీళ్లే. ప్రతి ప్రయోగానికీ కొన్ని సీట్లు గిరిజన హాస్టళ్లకు, తీరగ్రామాల సర్కారు బడులకు విడిగా ఉంచాలి. ఆర్టీసీ బస్సు జిల్లా యంత్రాంగమే ఏర్పాటు చేయాలి. ప్రయోగం వాయిదా పడితే ఆ పిల్లలనే మళ్లీ తీసుకెళ్లాలి. ముందురోజు సాయంత్రం కాలనీకే ఒకరు వచ్చి రాకెట్ సంగతులు చెప్పాలి. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లిందన్న సాకు నెల్లూరు అధికారులు చెప్పకుంటే చాలు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ముత్తుకూరు, నెల్లూరు జిల్లా