చాప్లిన్ కంటే ముందే ఒకాయన ఉన్నాడు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో మూకీ హాస్యం మీద వ్యాసం చదివాను. మొత్తం చాప్లిన్ భజనే, మాక్స్ లిండర్ పేరు ఒక్కచోటా లేదు. ఈ ఫ్రెంచి నటుడు 1905లోనే పాథే అనే సినిమా కంపెనీలో చేరాడు. చాప్లిన్ తెరకెక్కింది 1914లో. లిండర్‌ది సిల్కు టోపీ, చేతికర్ర, దువ్విన మీసం, అచ్చం పెళ్లికొడుకు ముస్తాబు. చాప్లినే ఆయన్ని గురువన్నాడు.

నేను ముప్పై ఏళ్లు తిరుపతిలో ప్రొజెక్టర్ తిప్పినవాణ్ణి. 1921లో లిండర్ అమెరికాలో తీసిన సినిమా మొన్న మనవడి ఫోన్లో చూశాను. పనివాళ్లు నిలువుటద్దం పగలగొడతారు. వంటవాడు యజమాని లిండర్‌లాగే తయారై ఖాళీ చట్రం వెనక నిలబడతాడు. ఈయన గడ్డానికి సబ్బు రాస్తే వాడూ రాస్తాడు. గుట్టు తెలిసి కోపంగా చేతికందింది విసిరేసరికి అక్కడ కొత్త అద్దం బిగించేసి ఉంటుంది! నవ్వి నవ్వి లుంగీ మీద టీ ఒలకబోసుకున్నాను. ఈ అద్దం తమాషా మన సినిమాల్లో ఎన్నిసార్లు ఆడించానో, ఇంత పాతది మాత్రం ఇప్పుడే చూశాను.

పాపం, మొదటి ప్రపంచ యుద్ధంలో లిండర్ ఆరోగ్యం చెడింది. 1925లో, 41 ఏళ్లకే పారిస్‌లో పోయాడు.

ఈసారి ఆయన ఫొటో వేయండి. టోపీతో ఉన్నదే.

— ఒక రిటైర్డ్ ఆపరేటర్,
కొర్లగుంట, తిరుపతి